శ్రీకాకుళంలో గుడి, మసీదు, చర్చి, బౌద్ధ స్తూపం: మర్యాద తప్పకుండా చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం చూడడానికి వస్తున్నామని ఫోన్ చేసే బంధువులూ స్నేహితులూ అన్నిటికంటే ముందు అడిగేది దూరాల గురించి. అరసవల్లి నుంచి శ్రీకూర్మం ఎంత, అక్కడి నుంచి శాలిహుండం ఎంత, ఒక్క రోజులో ముగించుకోవచ్చా అని అడుగుతారు. దూరాలు ఇక్కడ పెద్ద సమస్య కావు. ఏ వేళకు ఎక్కడ ఏ ఆరాధన జరుగుతుందో తెలియకపోవడమే అసలు సమస్య. గుడికి నైవేద్యం వేళ, మసీదుకు నమాజు వేళ, చర్చికి ఆదివారపు ఆరాధన, పురావస్తు స్థలానికి పగటి వెలుతురు ఉంటాయి. ఈ నాలుగు గడియారాలను ముందు సరిచూసుకుని, ఆ తరువాతే బండి మాట్లాడుకోవాలి.

1. ఏవేం చూడాలో ముందే తేల్చుకోండి

రైలులో వచ్చేవారు దిగవలసిన స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. అది ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్టణానికి బస్సులోనో ఆటోలోనో రావాలి కాబట్టి, రైలు దిగిన గంటలోనే దర్శనానికి నిలబడేలా పథకం వేసుకోవద్దు.

చూడవలసిన స్థలాలను మూడు గుంపులుగా విడదీసుకుంటే పని సులువవుతుంది.

- పట్టణంలోనూ, దానికి ఆనుకునీ ఉన్నవి: అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయం, గుడివీధిలోని ఉమారుద్ర కోటేశ్వరాలయం, 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, తెలుగు బాప్టిస్టు చర్చి, ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక్ మిషన్) చర్చి.
- గార మండలంలోనివి: విష్ణువు కూర్మావతారంలో వెలసిన శ్రీకూర్మం, శాలిహుండం బౌద్ధ క్షేత్రం, కళింగపట్నం దర్గా.
- జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డున: శివాలయాల ఊరు శ్రీముఖలింగం. పట్టణానికి 45 కిలోమీటర్లకు పైగా దూరం కాబట్టి దీనికి విడిగా ఒక పూట కావాలి.

మొదటి గుంపుకు ఒక రోజు, రెండో గుంపుకు ఒక రోజు, మూడోదానికి ఒక పూట పడుతుంది. రెండు రోజులే ఉన్నవారు ఒక గుంపును వదులుకోవడం మంచిదని నా అభిప్రాయం. అన్నీ చూడాలన్న ఆత్రంతో ప్రతి చోటా పావుగంట నిలబడి వచ్చినవారికి, ఇంటికి చేరాక ఏ స్తంభం ఏ గుడిదో గుర్తుండదు.

2. రోజును ఎంచుకోవడం

ఆదివారం అరసవల్లిలో రద్దీ ఎక్కువ. అది స్వామివారి వారం. రథసప్తమి నాడు జిల్లా అంతా అక్కడే ఉంటుంది. మొక్కు ఉన్నవారు ఆ రోజే రావాలి. ఆలయాన్ని నింపాదిగా చూడదలచినవారు మాత్రం మరో రోజు రావాలి.

సోమవారాలు, అందులోనూ కార్తీక సోమవారాలు, కోటేశ్వరాలయానికీ శ్రీముఖలింగానికీ రద్దీ రోజులు. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి ఆ పూట మసీదు చూసే పని పెట్టుకోకూడదు. రంజాన్ నెలలో సాయంత్రం ఇఫ్తార్ ఏర్పాట్లు జరుగుతుంటాయి. అందువల్ల ఆ నెలలో ఉదయమే వెళ్లాలి.

ఇవన్నీ లెక్కవేస్తే మిగిలేవి మంగళ, బుధ, గురు, శనివారాలు. చర్చి ఆరాధనలో కూర్చోవాలనుకునేవారు ఆదివారాన్ని కూడా కలుపుకుని, ఆ ఉదయాన్ని చర్చికే కేటాయించాలి.

బయలుదేరే ముందు పంచాంగంలో గ్రహణం ఉందేమో చూసుకోండి. గ్రహణం రోజున ఆలయాల తలుపులు ముందే మూసి, సంప్రోక్షణ తరువాతే తెరుస్తారు. శాలిహుండంలోని మ్యూజియానికి వారపు సెలవు ఏ రోజో కూడా ముందే కనుక్కోవాలి.

అరసవల్లిలో ఏటా మార్చి 9, 10 తేదీల చుట్టూ, అక్టోబరు 1, 2 తేదీల చుట్టూ తొలి కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. దానికోసం వచ్చేవారు తెల్లవారకముందే వరుసలో ఉండాలి. ఆ దృశ్యం కొద్ది నిమిషాలే ఉంటుంది. మబ్బు పడితే ఆ మాత్రం కూడా కనిపించదు. అందుకే వీలైతే ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకుని రండి.

3. బట్టలు, సంచి

ఒక్క జత బట్టలతోనే అన్ని చోట్లకూ వెళ్లేలా చూసుకోవచ్చు. మగవారికి పంచె గానీ పొడుగు ప్యాంటు గానీ, చేతులున్న చొక్కా సరిపోతాయి. ఆడవారికి చీర, లేదా చున్నీతో చుడీదార్ చాలు. ఆ చున్నీయే మసీదులోనూ దర్గాలోనూ తలమీదికి వస్తుంది. నిక్కర్లూ చేతుల్లేని బట్టలూ ఏ చోటికీ పనికిరావు.

సంచిలో ఉండవలసినవి:

- తల కప్పుకోవడానికి ఒక పెద్ద చేతిరుమాలు
- చెప్పులు పెట్టుకోవడానికి గుడ్డసంచి
- తడికాళ్లు తుడుచుకోవడానికి చిన్న తువ్వాలు
- చిల్లర, పది ఇరవై నోట్లు
- మంచినీళ్లు, పిల్లలకు తినడానికి ఏదైనా
- ఇంట్లోవారి గోత్రనామాలు రాసిన చీటీ
- నాలుగైదు పాత కాగితం ముక్కలు

చివరిది ఎందుకో శ్రీకూర్మం దగ్గర చెబుతాను. గోత్రనామాల చీటీ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వెనుక వందమంది నిలబడి ఉండగా అర్చకస్వామి అడిగితే సొంత మనవడి నక్షత్రం కూడా గుర్తుకు రాదు.

4. మొదటి ఉదయం: అరసవల్లి

సూర్యోదయానికి ముందే చేరుకోండి. చెప్పులు, సామాను అప్పగించే చోట చీటీ తీసుకోవాలి. సెల్‌ఫోన్లు లోపలికి అనుమతిస్తున్నారో లేదో అక్కడే అడిగి తెలుసుకోవాలి. సూర్యనమస్కారాలు, అర్చన చేయించదలచినవారు వరుసలో చేరకముందే టిక్కెట్టు కొనుక్కోవాలి. వరుసలో సగం దూరం వెళ్లాక టిక్కెట్టు గుర్తుకువస్తే మళ్లీ మొదటికి రావలసి ఉంటుంది.

గర్భాలయం ముందు నిలబడే సమయం చాలా తక్కువ కాబట్టి, చూపును ఎక్కడ నిలపాలో ముందే తెలిసి ఉండాలి. నల్లరాతి మూర్తి రెండు చేతులలో తామరమొగ్గలు ఉంటాయి. ఆయన పక్కన పద్మ, ఉష, ఛాయ దేవేరులుగా ఉన్నారు. కింద ఏడు గుర్రాలు, వాటిని తోలే అనూరుడు కనిపిస్తారు. అలంకరణ నిండుగా ఉన్నప్పుడు వీటిలో కొన్ని పూలమాలల చాటున ఉండిపోతాయి.

దర్శనం అయ్యాక ఇంద్రపుష్కరిణి వైపు వెళ్లి కాసేపు కూర్చోవచ్చు. ఫలహారం ఆ తరువాతే పెట్టుకోండి.

5. పట్టణంలో: కోటేశ్వరాలయం, తరువాత మసీదు

కోటేశ్వరాలయానికి ఉదయం అభిషేకాల వేళలోనే వెళ్లండి. శివాలయంలో నందికీ లింగానికీ నడుమ నుంచి నడవకూడదు. నంది వెనుక నుంచి చూసి, పక్కగా లోపలికి వెళ్లాలి. అభిషేక జలం బయటికి పారే సోమసూత్రాన్ని దాటకుండా ప్రదక్షిణ చేసే ఆచారం ఉంది. తెలియనివారు ముందు నడిచేవారిని చూసి అనుసరిస్తే సరిపోతుంది.

మసీదుకు వెళ్లడానికి ఉదయం పది, పదకొండున్నర మధ్య సమయం అనువైనది. అప్పటికి తెల్లవారుజాము నమాజు ముగిసి చాలాసేపవుతుంది, మధ్యాహ్నపు నమాజుకు ఇంకా వ్యవధి ఉంటుంది. వరుస ఇలా ఉండాలి:

- గుమ్మం బయటే ఆగి, అక్కడున్న పెద్దమనిషికి సలాం చెప్పి, ఊరిపేరు చెప్పి, చూడడానికి వచ్చామని చెప్పాలి. ఇమాం సాహెబ్ గారు ఉంటే ఆయననే అడగడం మేలు.
- ఆడవారు ఎంతవరకు రావచ్చునో ముందే అడగాలి. ఏర్పాటు ఒక్కో మసీదులో ఒక్కో విధంగా ఉంటుంది. లోపలికి వెళ్లిన తరువాత ఆపించుకోవడం కంటే గుమ్మం దగ్గర అడగడం ఇరుపక్షాలకూ గౌరవం.
- చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకోవాలి. తడిపాదాలతో జానమాజుల (నమాజు చేసుకునే చాపల) మీద అడుగు పెట్టకూడదు.
- తల కప్పుకోవాలి.
- ఎవరైనా ఒంటరిగా నమాజు చేసుకుంటూ ఉంటే వారి ముందు నుంచి దాటకూడదు. వెనుకవైపు నుంచి తిరిగి వెళ్లాలి.
- పీటల మీద, అరలలో ఉన్న ఖురాన్ ప్రతులను ముట్టుకోకూడదు.

మన ప్రాంతం నుంచి కాబా పడమటి దిక్కున ఉంటుంది కాబట్టి, ప్రార్థన దిక్కును చూపే మిహ్రాబు గూడు పడమటి గోడలో ఉంటుంది. లోపలికి వెళ్లగానే దాన్ని గుర్తుపట్టి, దానికి ఎదురుగా దారికి అడ్డంగా నిలబడకుండా ఒక పక్కకు జరగండి. నమాజుకు పిలిచే అజాన్ వినిపిస్తే చూడడం ఆపి బయటి వసారాలోకి రావాలి. ఉండమని వారే అంటే వెనుక వరుసకు అవతల నిశ్శబ్దంగా కూర్చోవచ్చు.

6. చర్చి

మామూలు రోజుల్లో చర్చి తాళం వేసి ఉండవచ్చు. బాప్టిస్టు చర్చిలో పాస్టరు గారిని, ఆర్.సి.ఎం. చర్చిలో ఫాదర్ గారిని అడిగితే తీయిస్తారు. చెప్పులు బయట విడిచే అలవాటు మన తెలుగు చర్చిలలో చాలాచోట్ల ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు కనిపిస్తే మీవి కూడా అక్కడే విడవండి.

ఆదివారం ఆరాధనకు వెళితే చివరిదాకా ఉండాలన్నది నేను అందరికీ గట్టిగా చెప్పే మాట. మధ్యలో లేచి రావలసిన పని ఉన్నవారు వెనుక బల్లమీద, అంచున కూర్చోవాలి. ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు కూర్చునే చోట ఆ పద్ధతినే పాటించాలి.

ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షారసం, అంటే బాప్టిస్టులు ప్రభువు బల్ల అనేదీ, కథోలికులు దివ్యసత్ప్రసాదం అనేదీ ఆ సంఘపు విశ్వాసులకు ఉద్దేశించినవి. గుడిలో ప్రసాదానికి చేయి చాచినట్టు అక్కడ చాచకూడదు. ఆ సమయంలో మీ చోట మీరు కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. కానుకల సంచి మీ ముందుకు వచ్చినప్పుడు తోచినంత వేయవచ్చు, వేయకుండా పక్కవారికి అందించనూవచ్చు.

7. రెండో ఉదయం: శ్రీకూర్మం

పట్టణం నుంచి సుమారు 13 కిలోమీటర్లు. ఇక్కడ తొందరపడితే నష్టపోతారు. నేను ఒకసారి మా అత్తగారి తరఫు బంధువులను వెంటబెట్టుకుని, దారిలో టిఫిన్లూ కబుర్లూ ముగించుకుని, ఒంటిగంట వేళకు ఇక్కడికి చేరాను. నైవేద్యం అయి తలుపులు వేసేశారు. ఎండకు కాలిన రాళ్లమీద పిల్లలు పాదాలు మార్చుకుంటూ ఏడ్చారు. డెబ్బయ్యేళ్ల పెద్దాయన నీడలో చతికిలబడి, సాయంత్రం దాకా ఉండలేక, దర్శనం లేకుండానే వెనుదిరిగారు. ఆ ఏడాది చివరికి ఆయన కాలం చేశారు. అప్పటినుంచి శ్రీకూర్మానికి ఎవరిని తీసుకువెళ్లినా తొమ్మిదింటి లోపు గుమ్మంలో ఉండేలా చూస్తున్నాను.

చేరాక ఈ క్రమంలో చూడండి:

- ముందు శ్వేతపుష్కరిణిలో కాళ్లు కడుక్కోవాలి. మెట్లు నాచుపట్టి ఉంటాయి, పెద్దల చేయి పట్టుకోవాలి.
- స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. తూర్పునా పడమరా రెండు ధ్వజస్తంభాలు ఉండడానికి కారణం అదే. ఎటు నుంచి లోపలికి వెళుతున్నారో గమనించుకోకపోతే చెప్పులు విడిచిన వైపు మరిచిపోతారు.
- దర్శనంలో తీర్థం తీసుకునేటప్పుడు కుడిచేయి పైన, ఎడమచేయి కింద ఉంచాలి. శఠారి పెట్టేటప్పుడు తల వంచాలి.
- కూర్మరూపాన్ని చూడడానికి వచ్చినవారు విగ్రహమంటే నిలువెత్తు మూర్తి అన్న ఊహతో పైకి చూస్తుంటారు. చూపు కిందికి ఉండాలి.
- ఆ తరువాతే ప్రదక్షిణ మండపానికి వెళ్లాలి.

ప్రదక్షిణ మండపానికి కనీసం ముప్పావుగంట ఇవ్వండి. గోడల మీద పాత వర్ణచిత్రాలు ఉన్నాయి, స్తంభాల మీద శాసనాలు ఉన్నాయి. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరి తీర్థులు 1281లో వేయించిన శాసనం ఈ ఆలయానిదే. అక్షరాలు చదవడం రాకపోయినా, వెలుతురు పక్కనుంచి పడే చోట నిలబడి చూస్తే గీత లోతు తెలుస్తుంది.

కాగితం ముక్కలు ఇక్కడ అక్కరకు వస్తాయి. దర్శనం అయ్యాక అర్చకస్వామి ఇచ్చిన కుంకుమను నుదుట పెట్టుకోగా, వేలి చివరన, అరచేతి గీతల్లో కొంత మిగులుతుంది. తుడుచుకోవడానికి ఏమీ దొరక్క, మనిషి నడుస్తూ నడుస్తూ పక్కనున్న స్తంభానికి ఆ వేలు రాస్తాడు. ఆయన తరువాత వచ్చినవారు ఆ ఎర్రటి మరకను చూసి, అక్కడ రాయడం ఆచారమేమో అనుకుని తామూ రాస్తారు. కొన్నాళ్లకు అక్షరాల గుంటల్లో కుంకుమా నూనే జిడ్డుగా పేరుకుపోయి, ఏడు వందల ఏళ్లు నిలిచిన అక్షరం చదవడానికి అందకుండా పోతుంది. మిగిలిన కుంకుమను కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తీసుకువెళ్లండి. పూజగదిలో పెట్టుకోవచ్చు. ఈ మొత్తం వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే దీన్నే గుర్తుంచుకోమని వేడుకుంటున్నాను.

వర్ణచిత్రాలను వేలితో తాకి చూపించకూడదు. చేతి చెమటకు రంగు లేచిపోతుంది. చూపించాలంటే జానెడు దూరం నుంచి చూపించండి.

ఆలయంలోని నక్షత్ర తాబేళ్లను పిల్లలు ఎత్తుకోవాలని ఉబలాటపడతారు. అవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న జీవులు. తాకడం, తెచ్చిన తినుబండారాలు వేయడం కూడదు. ఆకుకూర ఏదైనా వేయదలచినవారు అక్కడి సిబ్బందిని అడిగి వేయాలి.

పితృకార్యాల కోసం వచ్చేవారు ఇక్కడ చాలామంది ఉంటారు. పుష్కరిణి దగ్గర పిండప్రదానం చేస్తున్నవారి ముందు ఫొటోలకు నిలబడడం, గట్టిగా నవ్వడం వారిని ఎంత నొప్పిస్తాయో ఆలోచించండి.

8. అదే రోజు మధ్యాహ్నం తరువాత: శాలిహుండం, కళింగపట్నం

శాలిహుండం వంశధార కుడిగట్టున, కొండమీద ఉంది. గుడుల తలుపులు మూసి ఉండే మధ్యాహ్నం ఇక్కడికి పనికివస్తుందని అనిపిస్తుంది గానీ, ఎండాకాలంలో కొండమీద నీడ తక్కువ. భోజనం చేసి, మూడున్నర దాటాక ఎక్కడం మొదలుపెట్టండి.

ఇటుకలతో కట్టిన స్తూపాలు, చైత్యాలు గుండ్రని పునాదులుగా మిగిలాయి. వాటిమీదికి ఎక్కడం, ఇటుకల మీద కూర్చుని తినడం ఇక్కడ అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. ఇది పాడుబడిన ఇల్లు కాదు, బౌద్ధులకు పూజ్యస్థానం. స్తూపాన్ని కుడివైపు ఉంచుకుని, అంటే గుడిలో ప్రదక్షిణ చేసినట్టే, చుట్టూ నడవండి. ఎవరైనా ధ్యానంలో ఉంటే దూరంగా వెళ్లండి. ఇటుక ముక్కనో పెంకునో గుర్తుగా తెచ్చుకోకూడదు. గోడమీద పేర్లు చెక్కడం 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద శిక్షించదగిన నేరం.

మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు చూడండి. మారీచిని చూసేటప్పుడు, ఉషస్సుతో ముడిపడిన బౌద్ధ దేవత కాబట్టి, ముందురోజు ఉదయం అరసవల్లిలో చూసినది తప్పక గుర్తుకువస్తుంది.

కళింగపట్నం దర్గాకు పొద్దు వాలే వేళ వెళ్లవచ్చు. తల కప్పుకుని, దర్గా బాగోగులు చూసే ముజావర్‌ను పలకరించి, చాదరు గానీ పూలు గానీ ఎలా సమర్పించాలో ఆయన చెప్పినట్టు చేయండి. సమాధి గదిలోకి ఎవరెంతవరకు వెళ్లవచ్చో కూడా ఆయనే చెబుతారు. బయటికి వచ్చేటప్పుడు సమాధికి వీపు చూపకుండా నాలుగడుగులు వెనక్కి వేయడం మర్యాద.

9. శ్రీముఖలింగం

ఊరి మొదట్లో కనిపించే సోమేశ్వరాలయం, ఊళ్లోని మధుకేశ్వర, భీమేశ్వరాలయాలు, ఈ మూడూ చూస్తేనే ఇక్కడికి వచ్చినట్టు. చాలామంది మధుకేశ్వరుడి దర్శనం చేసుకుని బండెక్కేస్తారు. ఉదయపు ఎండ తూర్పు గోడల మీద పడుతున్నప్పుడు ముందు బయటి శిల్పాలు చూసి, పొద్దెక్కాక లోపలికి వెళ్లండి. రాళ్లు వేడెక్కాక బయట నడవడం పెద్దలకు కష్టం.

10. వేరే మతంవారు మీ వెంట ఉన్నప్పుడు

బొట్టు పెట్టించుకోమని, ప్రసాదం తినమని, చేతులు జోడించమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. తీర్థం వద్దన్నవారు చేయి చాచకుండా పక్కకు జరిగితే చాలు, అర్చకులకు సంజాయిషీ అక్కరలేదు. లోపలికి ప్రవేశం గురించి ఏ ఆలయంలోనైనా నియమం ఉందేమో స్నేహితుడు లేని సమయంలో మీరే అడిగి తెలుసుకోవాలి. ఆయనను గుమ్మం దగ్గర నిలబెట్టి ఆయన ముందే ఆ ప్రశ్న అడగడం వల్ల కలిగే అవమానం దర్శనంతో తీరేది కాదు.

11. తరచు జరిగే పొరపాట్లు, దిద్దుకునే విధం

- చెప్పులతో లోపలికి అడుగు పెట్టేశారు: వెంటనే వెనక్కి వచ్చి, విడిచి, అక్కడున్నవారికి తప్పయిందని ఒక్క మాట చెప్పండి.
- నమాజు మొదలైంది, మీరు మధ్యలో ఉన్నారు: కదలకుండా గోడవైపు కూర్చుండిపోండి. వరుసల నడుమ నుంచి బయటికి రావద్దు.
- ఫొటో తీశాక ఎవరో అభ్యంతరం చెప్పారు: వాదించకుండా వారి ఎదుటే తొలగించండి. గర్భాలయాన్ని, ప్రార్థన చేస్తున్న మనుషులను అడగకుండా తీయకపోతే ఈ అవసరమే రాదు.
- దక్షిణ ఎంత ఇవ్వాలో తెలియలేదు: హుండీలో, లేదా రసీదు ఇచ్చే చోట తోచినంత వేయండి.
- వెళ్లేసరికి తలుపులు మూసి ఉన్నాయి: తీయమని ఒత్తిడి చేయవద్దు. ఆ గంటలను శాలిహుండానికి మళ్లించి, సాయంత్రం తిరిగి రండి.
- ప్రయాణానికి అన్నీ సిద్ధమయ్యాక ఇంట్లో మైల వచ్చింది: గుడి దర్శనాలు వాయిదా వేసుకోండి. శాలిహుండం కొండకూ మ్యూజియానికీ ఆ అడ్డు లేదు కాబట్టి, సెలవు పెట్టుకుని వచ్చినవారు ఆ ఒక్కచోటికైనా వెళ్లి రావచ్చు.